మేనేజరమ్మ కండువా

బెల్లం కంపెనీ మేనేజర్ సుష్మ మెడలో పార్టీ కండువా వేసుకుని మీటింగుకు వచ్చింది. మెంబర్లు కుర్చీల్లో సర్దుకోకముందే ఈరవ్వ లేచింది.

“సూడుండ్రి! వద్దన్నకొద్ది ఏస్కొస్తుంది. ఈమెను తీసెయ్యాలె. ఇయ్యాల తేలిపోవాలె!”

బోధన్ రోడ్డు మీద చెరుకు పండించే ఆడవాళ్లంతా కలిసి పెట్టుకున్న కంపెనీ అది. చైర్మన్ రాధాబాయి గబుక్కున తలెత్తింది. సుష్మ వెళ్లిపోతుందా?

మనుషులు వెళ్లిపోవడమంటే రాధాబాయికి చచ్చేంత భయం. గ్యాస్ బండ తెచ్చే అతన్ని సాగనంపేటప్పుడు కూడా ఇంకాసేపు ఉండమని చెయ్యి పట్టుకునేది. పాపం, అతను ఈమధ్య సిలిండర్ గేటు బయటే దించి పారిపోతున్నాడు.

“పిల్లకు సలిపెడ్తున్నట్టున్నది, గందుకే కప్పుకున్నది,” అంది రాధాబాయి.

“ఏప్రిల్ల సలా, అవ్వా?”

అందరూ నవ్వారు. సుష్మ కండువా ఇంకా బాగా కనిపించేలా సర్దుకుంది.

ఈరవ్వ ఆగలేదు. “ఇంట్ల ఏస్కోమను, ఎవలొద్దన్నరు? గీ కుర్సీల కూసున్నంక అది కంపెనీ కండువనే అయితది. ఆర్మూర్ సేటు అవతలి పార్టీ. మన బెల్లం కొననంటున్నడు. రేపు మా ఊరి చెరుకు తూకం లేటయితె, పార్టీ సూసే ఆపిందంటరు. సుష్మా, తీస్తవా తియ్యవా?”

“తియ్య,” అంది సుష్మ. “ఇంకో రెండు తెచ్చి ఆఫీసు గోడకు కడ్త.”

గదిలో గోల లేచింది.

రాధాబాయికి ఆ పార్టీ అంటేనే గిట్టదు. ఆ నాయకులు టీవీలో కనిపిస్తే ఛానల్ మార్చేస్తుంది. అయినా ఇప్పుడు లేచి నిలబడింది. బడికి పోకుండానే అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్న మనిషి. సామాన్లు చుట్టిచ్చిన పేపర్లలో ఏరుకున్న పెద్ద మాటలన్నీ ఒక్కసారిగా బయటికి తీసింది.

“అభిప్రాయ స్వేచ్ఛ అనేదొకటుంటది! పొయ్యి మీద పాకానికి పార్టీ ఉంటదా? అవతలి పార్టీ వోళ్ల చెరుకు ఈ పిల్ల ఎన్నడన్న పక్కకు పెట్టిందా? పెట్టలే. మరి మీరు పని సూస్తరా, మెడ సూస్తరా?”

ఆఖరి మాట ఆమెకే ఎంతో నచ్చింది. చప్పట్లు కొడతారేమోనని కాస్త ఆగి చూసింది. ఈరవ్వ ఆవులించింది.

చేతులెత్తమన్నారు. తీసెయ్యాలని ఐదుగురు. వద్దని నలుగురు. అప్పటిదాకా కదలని రాధాబాయి రెండు చేతులూ ఎత్తింది.

“గదేంది, రెండు చేతులా?”

“ఒకటి మెంబర్‌ది. ఒకటి చైర్మన్‌ది.”

“గీ అవ్వతోని ఎవలు గెలుస్తరు!” అంటూ ఈరవ్వ విసురుగా చెప్పులేసుకుంది.

అందరూ వెళ్లాక రాధాబాయి సుష్మ దగ్గరికి నడిచింది. గిట్టని పార్టీ మనిషి కోసం కూడా నిలబడిన తన పెద్దమనసు తలుచుకుంటే ఆమెకే ముచ్చటేసింది. సుష్మ బల్ల మీద తల వాల్చి వెక్కివెక్కి ఏడుస్తోంది.

“ఏడ్వకు బిడ్డా. నేనుండంగ నిన్నెవలు పంపుతరు?”

సుష్మ తలెత్తింది.

“కొత్త నౌకరికి పోతనంటె రెండుసార్లు అన్నం మానేస్తివి, గందుకే మీరే తీసేస్తరని గీ కండువ కొనుక్కొచ్చి కప్పుకున్న గని, నాకేం పార్టీ ఉన్నదవ్వా!”