సరదా లేని పేకాట

“పోకర్ అనగానే నీ మొహం వెలిగిపోతోంది. అదే కొంప ముంచేది,” అన్నాడు వీరభద్రరావు.

ఇర్వింగ్‌లో ఇండియన్ గ్రోసరీ షాపు పక్కనే ఆయన టాక్స్ ఆఫీసు. ఎదురుగా సాయితేజ, అతని భార్య పూజిత కూర్చుని ఉన్నారు. సాయితేజకు వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. శుక్రవారం సాయంత్రమైతే చాలు, కారెక్కి ఓక్లహోమా బోర్డరు దాటి కేసినోలో కూర్చుంటాడు. ఇన్నేళ్లూ రిటర్నులు తనే ఫైల్ చేసుకున్నాడు. ఆడిట్‌కి రమ్మని నోటీసు వచ్చాకే ఈ పెద్దాయన గుర్తొచ్చాడు.

“నేనేం దాచలేదంకుల్. గెలిచిందంతా చూపించా. పోగొట్టుకున్నది, కారు గ్యాస్, హోటల్ బిల్లులు తీసేసి మిగతాదానికి టాక్స్ కట్టా.”

“అవన్నీ తీసెయ్యాలంటే పోకర్ నీ వృత్తి అయ్యుండాలి నాయనా. నువ్వు సరదాకి ఆడితే హోటల్ బిల్లు గవర్నమెంటెందుకు భరిస్తుంది? తేడా అంతా పెనాల్టీతో సహా లాగేస్తారు.”

“అంటే మా ఇంటి డౌన్‌పేమెంట్ పోయినట్టేనా?” అంది పూజిత.

“ఎందుకు పోతుందమ్మా? మీవాడికి ఆ ఆటలో ఆనందమన్నది లేదని నమ్మించగలిగితే చాలు. నేనే ఆఫీసర్ననుకో. ఏం బాబూ, పోకర్ ఆడుతుంటే ఎలా ఉంటుంది?”

“సూపర్‌గా ఉంటు...”

“డౌన్‌పేమెంట్ గోవిందా. మళ్లీ చెప్పు.”

సాయితేజ వీపు రుద్దుకున్నాడు. “నడుం నొప్పి అంకుల్.”

“అలా రా దారికి. ఇంకా?”

“ఏసీకి జలుబు చేస్తుంది. పక్కవాడి సిగరెట్ కంపు. కాఫీ కూడా బాగోదు.”

“బిడ్డకి కష్టం తెలుస్తోంది. అమ్మాయ్, నువ్వేమంటావు?”

“ఆదివారం ఇంటికొచ్చేసరికి తేజ మొహం చూడలేం అంకుల్. దానికి ప్రాక్టీస్ అక్కర్లేదు, నిజమే.”

ఆడిట్ రోజున వీరభద్రరావుకీ పూజితకీ మధ్య సాయితేజ ఆముదం తాగినవాడిలా కూర్చున్నాడు. ఆఫీసరమ్మ కాగితాలన్నీ తిరగేసి, అనుకున్న ప్రశ్నే అడిగింది.

“ఈ ఆటంటే మీకు ఇష్టమేనా?”

“ఇష్టపడి ఎవరైనా ఉద్యోగం చేస్తారా మేడమ్?” అన్నాడు సాయితేజ.

ఆమె తన కంప్యూటర్ వంక ఓసారి చూసుకుంది. చిన్నగా నిట్టూర్చింది. ఆ తర్వాత ఆమె అడిగినవన్నీ మెత్తగానే అడిగింది. పోకర్ తన రెండో ఉద్యోగమని, డబ్బు కోసమే తప్ప సంతోషం కోసం ఏనాడూ ముక్క పట్టలేదని సాయితేజ రాసి సంతకం పెట్టాడు. పైసా కట్టనక్కర్లేదని ఆమె తేల్చేసింది.

పార్కింగ్‌లోకి వచ్చాక పూజిత ఇల్లమ్మే ఏజెంటుకి మెసేజ్ పెట్టింది. వీరభద్రరావు మీసం సవరించుకున్నాడు. గెలిచిన రోజున ఓ కథ చెప్పందే ఆయనకి అన్నం సహించదు.

“నోరు జాగ్రత్తగా వాడటమంటే ఇదీ. షాంటిలీ అనే ఊళ్లో ఒకడుండేవాడు. హెచ్-వన్ వీసా. సెలవు రోజుల్లో పెళ్లిళ్లకి వీడియోలు తీసేవాడు. ఆ ముక్క తనే ఎక్కడో రాసిచ్చాడు. ఆ వీసా మీద కంపెనీ ఉద్యోగం తప్ప ఇంకో పని చెయ్యకూడదాయె. ఇంకేముంది, ఒక పెళ్లిలో వాడు తలంబ్రాలు షూట్ చేస్తుండగా ఇమిగ్రేషన్ వాళ్లు వచ్చి పట్టుకున్నారు. అప్పగింతలయ్యేలోపు వాడు హైదరాబాద్‌లో దిగాడు.”

సాయితేజ నవ్వలేదు. ఆడిట్ కోసం నేర్చుకున్న మొహం ఇంకా దించలేదనుకున్నాడు పెద్దాయన.

“నీకా బెంగ లేదులే. ఇంతకీ గ్రీన్‌కార్డు ఎప్పుడొచ్చింది బాబూ?”

“ఇంకా హెచ్-వన్ మీదే, లైన్‌లో ఉన్నానంకుల్.”