గుట్ట మీద ఎవరూ లేరు

"ఈ గుట్ట మీద మనుషులెవరూ నివసించడం లేదు," అని కంపెనీ లాయరు సురేంద్ర మైకులో చదివాడు.

షామియానా కింద కూర్చున్న నలభైమంది ఎరుకల ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పొద్దున వాళ్లు దిగి వచ్చింది ఆ గుట్ట మీది గుడిసెల్లోంచే.

మడకశిర దాటాక ఉండే ఆ గుట్ట మీద గాలిమరలు పెడతామని ఒక కంపెనీ వచ్చింది. అభ్యంతరాలుంటే చెప్పుకోమని ఆ రోజు సభ జరిపారు. సభకు పెద్దగా వచ్చిన అధికారి కుర్చీలో వెనక్కి వాలి, పళ్లలో ఇరుక్కున్న వక్కను అగ్గిపుల్లతో గెలుక్కుంటున్నాడు. గెలికింది చూసుకుని మళ్లీ నోట్లో వేసుకుంటున్నాడు.

గంగక్క లేచి నిలబడింది.

"ఏమప్పా లాయరూ, మేము మనుషులం కాదా? మా తాతల్ని తెల్లోళ్లు దొంగల జాతి అని రాసినారు. మీరు ఏకంగా లేనే లేమని రాసినారే! వాళ్లే మేలు గదప్పా."

ఆడవాళ్లు నవ్వారు. పక్కనున్న పుష్పావతి ఆమె కొంగు లాగి కూర్చోబెట్టింది. ఇద్దరికీ యాభై దాటాయి. ముప్పై ఏళ్లుగా ఒకే గుడిసెలో ఉంటున్నారు. బుట్టలల్లుతారు. సీతాఫలాలు కోసి సంతకు మోస్తారు. ఒకరికొకరు ఏమవుతారని ఊళ్లో ఎవరూ అడగలేదు. వాళ్లూ చెప్పలేదు.

వెనక వరసలో హేమ కూర్చుంది. అనంతపురంలో పాఠాలు చెప్పే మనిషి. ఆరేళ్లుగా గుట్టకు వచ్చిపోతూ, వాళ్ల సంగటి తిని, వాళ్ల చాపల మీద పడుకుని, ఇంటి బిడ్డలా కలిసిపోయింది. కంపెనీ వాళ్లకు జవాబు చెప్పడానికి ఆమెనే పిలిపించుకున్నారు.

"మేము ఊరికే రాయలేదమ్మా," అన్నాడు సురేంద్ర. "మీ మాటలే ఇవి. వినుకోండి."

కళ్లద్దాలు సర్దుకుని చదివాడు.

"'ఇల్లు, మొగుడు, పట్టా. ఈ మూడింటినీ ఈ స్త్రీలు కాదన్నారు. భూమి తమదని వీళ్లు ఎన్నడూ అనరు.' ఇల్లు వద్దనిరి. సంసారం వద్దనిరి. భూమి మాది కాదనిరి. ఇంక ఖాళీ చేయించేదానికి ఈడ ఎవరున్నట్టు సార్?"

అధికారి తలూపాడు. సురేంద్ర పేజీ తిప్పాడు.

"'వీరిలో ఇద్దరు స్త్రీలు ముప్పై ఏళ్లుగా ఆలుమగల్లా బతుకుతున్నారు. పెద్దామె చిన్నామె మెడలో నల్లపూసలు కట్టింది. చలికాలం ఇద్దరికీ ఒకే దుప్పటి...'"

అధికారి అగ్గిపుల్ల పారేసి ముందుకు వంగాడు.

"ఆ ముక్క ఇంకోసారి చదువు."

సురేంద్ర మళ్లీ చదివాడు. ఈసారి నింపాదిగా, ఒక్కో మాటా చప్పరిస్తూ. షామియానా అంచున నిలబడ్డ ఊరి మగవాళ్లు ఈలలు వేశారు. "మొగుడెవరు, పెండ్లామెవరు?" అని ఒకడు అరిచాడు. అధికారి భుజాలు కదిలేలా నవ్వాడు.

పుష్పావతి తల దించుకుని, మెడలోని నల్లపూసలను రవికెలోకి తోసేసుకుంది.

హేమ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని షామియానా వెనక్కి పరిగెత్తింది. కంపచెట్ల దగ్గర భళ్లున కక్కింది. ఆడవాళ్లలోంచి యశోదమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ఆమె వీపు నిమిరింది.

"ఇంత అసయ్యం వింటే ఎవరికైనా కడుపులో తిప్పుతాదిలే తల్లీ."

గంగక్క వెతుక్కుంటూ వచ్చింది. "మాట్లాడు హేమమ్మా. మా సంగతి నీకు తెలిసినట్ల ఎవరికి తెలుసు? నువ్వు చెబితే ఇంటారు."

హేమ తల అడ్డంగా ఊపింది.

అప్పటికే అధికారి లేచాడు. లాయరు తను చదివిన కాగితాల ప్రతిని బల్ల మీద పడేసి కారెక్కాడు. దుమ్ము లేచింది.

ఆ దుమ్ములో గంగక్క నల్లప్ప ముందుకు వెళ్లి నిలబడింది. నల్లప్ప పుష్పావతికి తమ్ముడు. మూడు నెలల నుంచి ఆ కంపెనీలోనే కాపలా పని చేస్తున్నాడు.

"ఆ నల్లపూసలు ఎవరు కట్టిరో ఇంట్లోవాళ్లకు తప్ప తెలీదు గదరా. ఎంతకమ్ముకొంటివి మమ్మల్ని?"

అని అతని మొహాన ఉమ్మేసింది.

నల్లప్ప తుడుచుకోలేదు. "నా బిడ్డల మీద ఒట్టు వదినా. నేను చెప్పలే."

గంగక్కను వదినా అని పిలిచే మనిషి లోకంలో అతనొక్కడే. ముప్పై ఏళ్ల కింద, పెళ్లి వద్దని పుష్పావతి ఇల్లు విడిచినప్పుడు, బండలు మోసి ఆ ఇద్దరికీ గుడిసె వేసిచ్చింది కూడా అతనే.

ఇప్పుడు పుష్పావతి అతని వైపు చూడను కూడా చూడలేదు.

"మా అమ్మ కడుపున పుట్టినోడివి కాదు నువ్వు. ఇంగ మా గడప తొక్కొద్దు."

నల్లప్ప ఆమెకు అడ్డం వచ్చాడు. "అక్కా, ఎవరి మాటలో ఆ కాగితంలో కిందనే రాసుంటారంట. చదివించుక్కా. నా పేరుంటే నేనే పోయి ఏ బాయిలోనో పడతా. లేకపోతే... లేకపోతే నన్ను నమ్మక్కా."

గంగక్క బల్ల మీది ప్రతిని తెచ్చింది. అక్కడ మిగిలినవాళ్లలో చదువొచ్చిన మనిషి హేమ ఒక్కతే. ఆమె చేతిలో పెట్టింది.

"చూడు తల్లీ. మమ్మల్ని ఇట్ల బజారులో నిలబెట్టిన పాపిష్టోళ్లు ఎవరో. పేరుండాదా?"

ఆడవాళ్లందరూ చుట్టూ మూగారు. నల్లప్ప చేతులు జోడించి నిలబడ్డాడు. అతని చెంప మీద ఉమ్మి ఇంకా ఆరలేదు.

హేమ ఆ పేజీ అడుగున సన్నటి అక్షరాల్లో ఉన్న తన పేరునూ, తనకు డాక్టరేట్ తెచ్చిపెట్టిన పుస్తకం పేరునూ చదువుకుని, వాటి మీద బొటనవేలు ఆనించి, "ఎవరి పేరూ లేదక్కా," అంది.