చివరి వరుస

నర్సరీ నడిపే తోడల్లుడు తనకు అంటగట్టినవి మంచి మొక్కలేనా? తొమ్మిదేళ్లుగా ఆ నిమ్మతోట రైతును ఇదొక్క అనుమానమే తొలుస్తోంది.

మంచివేలే అని సరిపెట్టుకుందామంటే చివరి వరుస అడ్డొచ్చేది. తోటంతా విరగకాస్తుంటే, ఆ ఒక్క వరుసా నాటిన రెండో వేసవికే నిలువునా ఎండిపోయింది. చెట్లు మొదలంటా నరికించి ఆ జాగా అలాగే వదిలేశాడు.

ఆ తోడల్లుడే ఇవాళ పొద్దున్నే వ్యాను నిండా మొక్కలేసుకుని తోటలో దిగాడు.

"వదినా, కాఫీ పెట్టు. ఇవాళ చివరి వరుస నింపిగానీ కదలను!" అన్నాడు రైతు భార్యతో.

మొక్కలన్నీ కొబ్బరిపీచుతో చేసిన కుండీల్లో ఉన్నాయి. రైతు ఒకటి చేతిలోకి తీసుకుని గోటితో గీరాడు, వాసన చూశాడు, చెవి దగ్గర పెట్టుకుని తట్టి కూడా చూశాడు.

"కుండీ తీసేసి నాటాలా?"

"అక్కర్లేదన్నయ్యా. దాంతో సహా గుంటలో పెట్టెయ్యడమే. కొన్నాళ్లకు అదే మట్టిలో కలిసిపోతుంది. వేళ్లు దాన్ని చీల్చుకుని పోతాయి. ప్లాస్టిక్ కవర్లు పూర్తిగా మానేశాను."

"మానేశావా, దొరకట్లేదా?"

"మీరు తిరిగిస్తే దొరికేవిగా!"

వదిన ఫక్కున నవ్వింది. అది పాత గొడవ. అప్పట్లో అతను మందపాటి నల్ల కవర్లలో మొక్కలిచ్చేవాడు. నాటేటప్పుడు కవరు చిరగకుండా కిందికి జారదీసి వెనక్కిస్తే మళ్లీ వాడుకునేవాడు. రైతు దగ్గర్నుంచి పదకొండు కవర్లు తిరిగి రాలేదు. ఎక్కడ కలిసినా, పెళ్లి భోజనాల్లోనైనా సరే, "అన్నయ్యా, నా కవర్లు" అని అతను చెయ్యి చాపడం, "అన్నీ పంపించాను, సరిగ్గా ఎంచుకోవడం నేర్చుకో" అని ఈయన కసురుకోవడం మామూలైపోయింది.

ఇవాళ కూడా రైతు మొహం చిట్లించాడు.

"విన్నావా మీ మరిది మాట? కుండీతో సహా పాతిపెట్టాలట! వేళ్లకు ఊపిరాడొద్దూ? రేపు చచ్చాయంటే తప్పు కుండీ మీదకు తోసేస్తాడు."

తోడల్లుడి నవ్వు ఆగిపోయింది.

"ఎన్నాళ్లన్నయ్యా ఈ అనుమానం? సొంత తోడల్లుడికే చచ్చు మొక్కలిచ్చాడని మీరు నలుగురిలో అన్న దగ్గర్నుంచి నా నర్సరీ గడప తొక్కేవాడు లేడు. మీరు ఈ ఒక్క వరుస వేస్తే మిగతావాళ్లూ వస్తారు. లేదంటే ఈ ఏడుతో మూసేస్తాను."

"మిగతా వరుసలన్నీ కూలీలు నాటారు. బతికాయి. వానొచ్చేలా ఉందని వాళ్లు వెళ్లిపోతే, చివరి వరుస నేనే నాటాను. ఒక్కో మొక్కకీ దేవుణ్ణి తలుచుకుంటూ, ఈ రెండు చేతులతో! అదే చచ్చింది. తేడా మొక్కలో లేకపోతే నా చేతుల్లో ఉందా?"

వదినే కలగజేసుకుంది.

"ఒక్క మొక్క నాటి చూడండి. పోయేదేముంది?"

"నాటుతాను. గుంట నేనే తవ్వుకుంటాను. నువ్వు మాత్రం దగ్గరికి రాకు, మట్టిలో ఏం కలుపుతావో!" రైతు గడ్డపార భుజాన వేసుకున్నాడు.

పాత మొదలు పక్కనే తవ్వడం మొదలుపెట్టాడు. జానెడు లోతుకు వెళ్లేసరికి గడ్డపారకు ఏదో మెత్తగా అడ్డుపడింది. వంగి చేత్తో మట్టి తోశాడు. తువ్వాలు తీసి పక్కన పరిచాడు. కాసేపటికి లేచి రెండో మొదలు దగ్గరికి వెళ్లాడు. ఆ తర్వాత మూడోదాని దగ్గరికి.

షెడ్డులో ఆయన కాఫీ చల్లారిపోయింది.

"ఒక్క గుంటన్నారు, వరుసంతా తవ్వేస్తున్నారేంటి వదినా?" అని తోడల్లుడు గొంతు పెంచాడు. "అన్నయ్యా, పురుగేమైనా కనపడిందా?"

"అక్కడే ఉండు!"

ఎండ నడినెత్తికి వచ్చాక రైతు వచ్చాడు. చొక్కా తడిసి ముద్దయింది. భుజం మీదుండే తువ్వాలు ఇప్పుడు చేతిలో మూటయి ఉంది. తలెత్తి ఎవరి మొహమూ చూడలేదు.

"కుండీలన్నీ దించు తమ్ముడూ. వరుసంతా వేద్దాం. నీ నర్సరీ సంగతి నలుగురికీ నేనే చెబుతాను."

"ఏమని చెబుతారు?"

రైతు తువ్వాలు విప్పాడు. మట్టి కొట్టుకుపోయిన నల్ల కవర్లు. ఒక్కోదాని లోపల, బయటికి దారి దొరక్క గిరగిరా చుట్టుకుని ఎండిపోయిన వేళ్లు.

"పదకొండూ ఉన్నాయి, ఎంచుకో," అన్నాడు. "ఒక్కటి కూడా చిరగలేదు."