ఏడు ముప్పై ఒకట్లు

“ముప్పై ఒకటో రాయి దగ్గర మీ కారు ఆగిపోయింది. సాయం కోసం ఫోన్ చేశారు. ఎక్కడున్నారని అడిగితే ఏం చెబుతారు?”

“ముప్పై ఒకటో రాయి దగ్గరున్నామని చెబుతాం,” అన్నాడు టోపీ పెట్టుకున్నాయన.

“గుండు సున్నా!” అన్నాడు గైడు.

నిలబడింది సున్నా రాయి చుట్టూ కాబట్టి అందరూ పకపకా నవ్వారు. గైడు మాత్రం నవ్వలేదు.

దేశంలోని రోడ్ల కొలతలన్నీ మొదలయ్యేది ఆ రాయి దగ్గరే. నడుమెత్తు నల్లరాయి, దాని నెత్తిన ఇత్తడి బిళ్ల, బిళ్ల మీద ఏడు బాణాలు. ఒక్కో బాణం ఒక్కో రోడ్డు వైపు చూస్తుంటుంది. రాయి ఎవరు పెట్టించారు, ఎంత బరువు, ఎన్నేళ్లయింది, ఇవన్నీ గైడు రెండు ముక్కల్లో తేల్చేస్తాడు. ఆ తర్వాత అసలు పాఠం పట్టుకుంటాడు.

“ఏడు రోడ్లూ ఇక్కణ్నుంచే మొదలు. మరి ముప్పై ఒకటో రాళ్లు ఎన్ని? ఏడు! నంబరొక్కటే చెబితే సాయం ఎటు రావాలి? నంబరుతో పాటు రోడ్డు పేరు చెప్పాలి. ఏదీ, అందరూ అనండి.”

తల నెరిసినవాళ్ల చేత కూడా ఒకటో తరగతి పిల్లల్లా వల్లె వేయిస్తాడు. పదేళ్లుగా, ఈ ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఇదే వరస. “చరిత్ర చెప్పవయ్యా అంటే చాదస్తం చెబుతావేం?” అని పై ఆఫీసరు చాలాసార్లు చీవాట్లు పెట్టాడు. సాటి గైడ్లు ‘రాయి మాస్టారు’ అని పేరు పెట్టి ఊరుకున్నారు.

ఆ ఉదయం జట్టంతా ఫొటోలు దిగి బస్సు వైపు నడిచినా ఒకావిడ కదల్లేదు. యాభై దాటి ఉంటాయి. బాణాల మీద వేలు పెట్టి ఒక్కో పేరూ చదువుతోంది. ‘రేవు రోడ్డు’ దగ్గర వేలు ఆగింది.

“ఏడుంటాయని నాకు తెలీదండీ మాస్టారూ,” అంది.

ఆ గొంతు వినగానే గైడు చెయ్యి ఎడమ చెవి మీదికి పోయింది. అతనికది ఎప్పటి అలవాటో.

“అక్కా, మళ్లీ మొదలెట్టకు. బస్సు పోతుంది,” అన్నాడు ఆమె తమ్ముడు.

“చెప్పనీరా. ఈయనకైతే అర్థమవుతుంది.” ఆమె గైడు వైపు తిరిగింది. “పదకొండేళ్ల కిందటండీ. మా ఆయన కారు నడుపుతూ నడుపుతూ గుండె పట్టుకున్నారు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఎదురుగా రాయి కనిపిస్తే ముప్పై ఒకటని ఫోన్ చేశాను. మేమున్నది రేవు రోడ్డు. అంబులెన్సేమో గనుల రోడ్డులో ముప్పై ఒకటికి పోయి వెతుక్కుంది. మా దగ్గరికొచ్చేసరికి అంతా అయిపోయింది.”



“నేను రోడ్డు పేరు చెప్పలేదట. విచారణ కాగితాల్లో అలాగే ఉంది. చెప్పాననే చాలాకాలం అనుకున్నాను. కానీ అబద్ధం రాయాల్సిన పని వాళ్లకేముంది?”

“రికార్డింగు అడిగితే, ఆ రోజు మిషను పనిచేయలేదన్నారు,” అన్నాడు తమ్ముడు.

“ఫోనెత్తినతను ఎంత మర్యాదగా మాట్లాడాడో! ‘భయపడకమ్మా, బండి బయల్దేరింది’ అన్నాడు. నేను సరిగ్గా చెప్పకపోతే అతను మాత్రం ఏం చేస్తాడు, పాపం?” ఆమె కళ్లు తుడుచుకుంది. “నా నోరే మా ఆయన్ని పొట్టన పెట్టుకుందండీ. అప్పుడే ఎవరైనా ఈ పాఠం నాకు చెప్పి ఉంటే ఎంత బాగుండేదో!”

గైడుకు ఏడుపొచ్చినంత పనైంది. ఆమెకు ఒక్క మాట చెప్పాలి. ఒకే ఒక్క మాట. నోరు తెరిచాడు. అవతల బస్సు డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు.

“తప్పు మీది కాదమ్మా,” అన్నాడు చివరికి.

“అందరూ అదే అంటారండీ,” అని ఆమె నీరసంగా నవ్వింది. తమ్ముడి చెయ్యి పట్టుకుని బస్సు వైపు నడిచింది.

“కాదమ్మా, నిజంగానే...” అన్నాడు. ఆ మాట అతనికే సరిగ్గా వినిపించలేదు. బస్సు మలుపు తిరిగింది.

అప్పటికే తర్వాతి జట్టు రాయి చుట్టూ చేరింది. “కానివ్వండి మాస్టారూ, ఎండెక్కుతోంది,” అన్నారెవరో. గైడు “ముప్పై ఒకటో రాయి దగ్గర...” అని మొదలుపెట్టి ఆగిపోయాడు.

ఆ రోజు ఫోన్లో ఆమె ‘రేవు రోడ్డు బాబూ, రేవు రోడ్డు’ అని రెండుసార్లు చెప్పినా, ‘భయపడకమ్మా’ అంటూ గనుల రోడ్డు మీట నొక్కి, తర్వాత ‘రోడ్డు పేరు చెప్పలేదు’ అని రాసి సంతకం పెట్టింది అతనే.