రెండో అద్దం

"ఇంజను ఆపు. మళ్ళీ ఎలా స్టార్టవుతుందో చూడాలి," అంది వర్వారా.

"యాకూత్స్క్ చలిలో, నవంబరులో, ఆపితే గడ్డకట్టే ఇంజను ఎవరైనా ఆపుతారా అక్కా?" అంది తుయారా.

"అక్కా గిక్కా అనకు. నా మొగుణ్ణి తీసుకున్నావు, చాల్లే. వరసలు కూడా ఎందుకు?"

వర్వారాకి ఈ పాత కారు అవసరం. పోయిన చలికాలం బస్సు కోసం నిలబడితే కూతురు నారియానా బుగ్గ చలికి కమిలి నల్లబడింది. కానీ అమ్మేది మాజీ మొగుడి కొత్త పెళ్ళాం కాబట్టి, కారులో ఎక్కడో మోసం ఉండే తీరాలి.

"కిటికీలకి మంచు పట్టకుండా రెండో అద్దం అతికించుకోలేదేం? గుడ్డిగా నడిపావా?"

"మంచు గీక్కుంటూ నడిపాను."

వెనక కుడివైపు కిటికీ దగ్గర వర్వారా ఆగింది. దానికి మాత్రం లోపల టేపుతో అతికించిన రెండో అద్దం ఉంది.

"దొరికావు. పగులు కప్పెట్టావు కదూ?" అంటూ టేపు అంచు గోటితో లేపింది.

"పీకొద్దు." తుయారా చెయ్యి అడ్డం పెట్టింది. "నాకు ఒక్క అద్దమే దొరికింది. ఆదివారాలు మా ఇంటికొచ్చేటప్పుడు మీ పిల్ల అక్కడే కూర్చుంటుంది. కిటికీకి తలానించి నిద్రపోతుంది. ఒకసారి జుట్టు అద్దానికి గడ్డకట్టి అంటుకుపోతే ఊపిరి ఊది విడదీశాను."

ఈ సంగతి నారియానా ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

వర్వారా గ్లవ్ తీసి, లేపిన టేపుని బొటనవేలితో నెమ్మదిగా అదిమింది.

"వంకరగా వేశావు," అంది. "ముందు సీటు పక్క కిటికీకి కూడా అతికించి ఇవ్వు. పై నెల పిల్లకి పన్నెండేళ్ళు నిండుతాయి, ముందు కూర్చోనిచ్చే వయసు. ఇకనుంచి ముందు సీట్లోనే కూర్చుంటానంటోంది."