తాళం గుర్తు

"ఏమప్పా, కొండకు పోయొచ్చినట్టుండావే. లడ్డు యాడ?"

లోపలికొచ్చిన ముసలాయన గుండు చూసి ఆదిమూలం నవ్వుతూ అడిగాడు.

రేణిగుంట స్టేషను రోడ్డులో ఆదిమూలానిది పెళ్లి సంబంధాల బ్యూరో. ఈ చుట్టుపక్కల గుండు కనబడితే కొండకు పోయొచ్చినట్టే లెక్క. గుండు మీద గంధం ఉందా లేదా అని ఎవరు చూస్తారు?

ముసలాయన నవ్వలేదు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"యా ఊరు? అబ్బాయికా, అమ్మాయికా?"

"ఏర్పేడు. సంబంధానికి రాలేదప్పా. నీ వెబ్‌సైటు తెరిస్తే పైన తాళం గుర్తు లేదు. 'సురక్షితం కాదు' అని పడతా ఉండాది."

"దాని పాటికి అది పడతాది, నా పాటికి నాకు సంబంధాలు వస్తాయి. వదిలెయ్."

"అట్ల కాదప్పా. తాళం లేకుంటే నువ్వు కొట్టే పాస్‌వర్డు కార్డుముక్క మీద రాసి పంపినట్టేనంట. దావలో ఎవురైనా సదువుకోవచ్చంట. లోపల ఆడబిడ్డల ఫోటోలుండాయి గదా. సెక్యూరిటీ సర్టిఫికెట్ అని ఒకటుంటాది, అది పెట్టించు."

ఆదిమూలానికి విషయం అర్థమైపోయింది. అర్థమైపోయిందని అనుకున్నాడు. ఈ గడ్డ మీద పుట్టి దళారీని పోల్చుకోలేకపోతే ఇంకెందుకు?

"నీకెంత కమీషను?"

"నాకేమొద్దు. ఊరికే ఇచ్చేవాళ్లు గూడా ఉండారంట."

"ఊరికే వచ్చేదానికి ఏర్పేడు నుంచి బస్సెక్కి వచ్చినావా? ఇదంతా నీకెవురు సెప్పినారు?"

ముసలాయన భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు.

"సెప్పినార్లేప్పా. నీకు ఆడబిడ్డ ఉండాదా?"

"ఉండాది, ఐశ్వర్య. మొదటి పేజీలో ఫోటో నా బిడ్డదే. తడ ఊరోళ్లతో తాంబూలాలు గూడా అనుకున్నాం."

"అయితే ఈపొద్దే పెట్టించప్పా. నీ కాళ్లు పట్టుకుంటా."

అన్నంత పనీ చేయబోయాడు.

ఆదిమూలానికి ఒళ్లు మండింది. శుభమా అని తాంబూలాల మాట చెబితే ఈ ఏడుపు మొహమేమిటి?

"స్వామికి జుట్టిచ్చొచ్చి గూడా ఈ దొంగమాటలా? లెయ్, బయటికి నడు!"

ముసలాయన గుండు తడుముకున్నాడు. మెట్లు దిగిపోయాడు.

ఆదిమూలం ఎప్పటిలాగే పక్కనున్న టిఫిన్ హోటలుకు పోయాడు. అక్కడ వైఫై అందరికీ ఊరికే. ఇడ్లీ తింటూ, వెబ్‌సైటులో పాస్‌వర్డు కొట్టి, కొత్త అమ్మాయిల ఫోటోలు ఎక్కించాడు.

తాంబూలాలు దగ్గరపడ్డాక తడ నుంచి ఫోనొచ్చింది.

"ఈ సంబంధం మాకొద్దు సార్. మీ పాప ఫోటోలు మా సుట్టాలందరి ఫోన్లకూ వచ్చినాయి. నోటితో సెప్పేటట్టు లేవు."

ముఖం ఐశ్వర్యది. ఒళ్లు ఎవరిదో. ఎవడో పాపిష్టివాడు అతికించాడు.

అది తన బిడ్డ కాదని ఆదిమూలం ఎంత మొత్తుకున్నా విన్నవాడు లేడు. కుండకు మూకుడు పెట్టొచ్చు గానీ ఊరి నోటికి పెట్టగలమా?

ఐశ్వర్య గదిలోకి పోయి గడియ పెట్టుకుంది. పిలిస్తే పలకడం లేదు. భార్య నాగరత్నమ్మను తలుపు దగ్గర కూర్చోబెట్టి, ఆదిమూలం సైబర్ పోలీసుల దగ్గరికి పరుగెత్తాడు.

ఎస్సై స్టెల్లా అంతా విన్నది.

"హోటల్ వైఫైలో పాస్‌వర్డు కొడతా ఉండారా?"

"అవునమ్మా."

"తాళం లేని వెబ్‌సైటు. అదే వైఫైలో కూసున్నోడెవడో మీ పాస్‌వర్డు సదివేసినాడు. లోపలున్న ఫోటోలన్నీ వాడి చేతికి పోయినాయి. ఇది మీకు ముందే సెప్పినారు గదా?"

"ఎవురమ్మా?"

"ఏర్పేడు చెంగల్రాయుడు. ఫోటో యాడినుంచి పోయిందో మేమే కనుక్కోని సెప్పినాం. కేసు పెట్టమంటే వద్దన్నాడు. 'బిడ్డ పేరు బయటికొస్తాది మేడమ్, నేనే పోయి బతిమాలుకుంటా' అన్నాడు."



"ఆ గుండాయనా? కొండకు పోయొచ్చినాడనుకుంటిని..."

స్టెల్లా తలెత్తి చూసింది.

"కొండకు యాడ పోయినాడు సార్? మీ వెబ్‌సైటు నుంచి మొదట పోయిన ఫోటో వాళ్ల అమలది. గదిలో గడియ పెట్టుకున్న ఆ బిడ్డ మళ్లీ తియ్యలేదు, కూతురికి కర్మ చేసిన గుండుతోనే ఆయన మీ బిడ్డల కోసం మీ దగ్గరికి వచ్చినాడు."