పాలకేంద్రంలో ఇన్సులిన్

గిరీష్ తన్నిన తన్నుకు పాలకేంద్రం ఫ్రిజ్‌లోని ఇన్సులిన్ పెట్టె ఎగిరిపడి, సీసాలు భళ్లున పగిలాయి. ఆ మందులను కనిపెట్టుకుని ఉండే పాపక్క అడ్డొచ్చింది. ఆమెను గోడకేసి కొట్టాడు. నుదురు చిట్లి నెత్తురు కారింది.

"ఎస్సీ కాలనీ వాళ్ల మందులు మా పాల పక్కన పెడతావా?"

"మాటిమాటికీ పుంగనూరు ఆస్పత్రికి పోలేనోళ్లందరివీ పెడతాండానప్పా. మీయమ్మది గూడా ఈడే ఉండాది."

"నోర్ముయ్! మాయమ్మకి సుగరే లేదు."

"ఉండాది," అంటూ తల్లి రాజేశ్వరమ్మ లోపలికొచ్చింది. "ఏడాదిగా ఈమే సూదేస్తాండాది."

పెంకుల్లోంచి పగలని ఒక్క సీసాను ఏరి పాపక్క చేతిలో పెట్టింది.

"ఇది నాదే. కాలనీలో సుమలతకెయ్యి. ఈపొద్దు తప్పితే ఆ బిడ్డ బతకదు."

"మరి నీకు యాడిదిమ్మా?" అంది పాపక్క.

రాజేశ్వరమ్మ ఆమె గుప్పిలి మూసి, గుమ్మం వైపు నెట్టింది.

"నాకు యాల సెప్పలేదమ్మా?" గిరీష్ గొంతు తగ్గింది. ఆమె భుజం పట్టుకుందామని చెయ్యెత్తాడు.

రాజేశ్వరమ్మ చప్పున మోచేతితో ముఖం కప్పుకుంది.